సరిహద్దులో పిల్లల విడదీత: చట్టం చేయించిందా, కాగితం చేయించిందా?

#1 · పాలపిట్ట

పాత థ్రెడ్‌లో ఈ సంగతి తిరిగి తిరిగి "ఆ బోనులు ఒబామా కట్టించినవే కదా" దగ్గర ఆగిపోయింది. అందుకే విడిగా పెడుతున్నాను. 2018లో అమెరికా–మెక్సికో సరిహద్దులో తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకున్నప్పుడు ట్రంప్ ప్రభుత్వం చెప్పుకున్న సమర్థన ఇది: "చట్టం అమలు చేశాం, పిల్లలు విడిపోవడం దాని పర్యవసానం." ఇందులో నిజమెంత? ఏ చట్టంలో ఏ వాక్యం విడదీయమంది? ఫోటోలు అందరం చూశాం. ఆఫీసుల్లో, కోర్టుల్లో ఏ కాగితం ఎటు కదిలిందో తెలిసినవాళ్లు రాయండి.

#2 · నల్లకోటు

విడదీయమన్న వాక్యం ఏ చట్టంలోనూ లేదండీ. మూడు వేరువేరు ముక్కల్ని పక్కపక్కన పెడితే విడదీత తయారైంది.

మొదటి ముక్క ఫెడరల్ కోడ్ 8వ టైటిల్, 1325 సెక్షన్. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం మొదటిసారైతే చిన్న నేరం, ఆరు నెలల దాకా శిక్ష. ఎప్పటినుంచో ఉన్న సెక్షనే. పిల్లలతో వచ్చినవాళ్ల మీద మాత్రం మామూలుగా ఈ కేసు పెట్టేవారు కాదు, సివిల్ ఇమిగ్రేషన్ కోర్టుకు పంపేవారు.

రెండోది 2002 నాటి హోంల్యాండ్ సెక్యూరిటీ చట్టంలో "ఒంటరి పిల్లలు" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. పద్దెనిమిది లోపు వయసు, చట్టబద్ధమైన స్టేటస్ లేకపోవడం, అమెరికాలో తల్లో తండ్రో చట్టబద్ధ సంరక్షకులో లేకపోవడం, లేదా ఉన్నా ఆ బిడ్డను చూసుకోవడానికి అందుబాటులో లేకపోవడం. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

మూడోది 2008లో మానవ అక్రమ రవాణా బాధితుల కోసం చేసిన చట్టం. ఒంటరి అని తేలిన బిడ్డను 72 గంటల్లో ఆరోగ్య శాఖ కింద ఉన్న శరణార్థుల పునరావాస కార్యాలయానికి, అంటే ఓఆర్ఆర్‌కి, అప్పగించాలి. పోలీసు గదుల్లో పిల్లలు మగ్గకూడదని పెట్టిన మంచి నిబంధన ఇది.

2018 ఏప్రిల్ 6న అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ జీరో టాలరెన్స్ మెమో ఇచ్చారు. మే 7న, సరిహద్దు దాటిన ప్రతి ఒక్కరి మీదా కేసు పెడతామని బహిరంగంగా ప్రకటించారు. ఆ దెబ్బతో తల్లిని 1325 కింద, కోర్టు ఖైదీలను చూసే ఫెడరల్ మార్షల్స్‌కి అప్పగిస్తారు. ఆమె ఇక "అందుబాటులో లేదు." పొద్దున ఆమె చెయ్యి పట్టుకుని వచ్చిన బిడ్డ సాయంత్రానికి కాగితం మీద ఒంటరి అయిపోతుంది. 72 గంటల గడియారం మొదలవుతుంది. పిల్లల్ని కాపాడటానికి చేసిన చట్టమే వాళ్లను తీసుకుపోయే బండి అయింది. కాంగ్రెస్ కొత్తగా ఒక్క అక్షరం రాయలేదు. మారింది ఎవరి మీద కేసు పెట్టాలన్న నిర్ణయం ఒక్కటే.

#3 · గోడమీదపిల్లి

నల్లకోటు గారూ, చెప్పిన తీరు బాగుంది, కానీ సగమే చెప్పారు. అమెరికా పౌరుడు నేరం చేసి జైలుకెళ్లినా బిడ్డను వెంట తీసుకెళ్లనివ్వరు. పిల్లలతో వచ్చినవాళ్ల మీద కేసు ఉండదని తెలిస్తే, బిడ్డ ఉండటమే ప్రవేశపత్రం అవుతుంది. 2014లో దాదాపు 68 వేల మంది ఒంటరి పిల్లలు, సుమారు అంతే సంఖ్యలో కుటుంబాలుగా వచ్చినవాళ్లు పట్టుబడ్డారు. అది గాలిలోంచి ఊడిపడలేదు.

ఇంకొకటి, 1997 నాటి ఫ్లోరెస్ ఒప్పందం. పిల్లల్ని అనవసర జాప్యం లేకుండా వదిలేయాలి, నిర్బంధంలో ఉంచితే లైసెన్స్ ఉన్న చోటే ఉంచాలి. 2015లో జడ్జి డాలీ గీ ఇది తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకూ వర్తిస్తుందన్నారు. అప్పటినుంచి ఇరవై రోజులు అనే లెక్క వాడుకలోకి వచ్చింది. ఇరవై రోజుల్లో ఏ అసైలం (శరణు) కేసూ తేలదు. కాబట్టి ప్రభుత్వం ముందు ఉన్నవి మూడే దారులు: అందర్నీ వదిలేయడం, కుటుంబం మొత్తాన్ని కలిపి నిర్బంధించడం, లేదా పెద్దవాళ్ల మీద కేసు పెట్టడం. మూడోది తప్పంటే మిగతా రెండింటిలో ఏది కావాలో చెప్పాలి. "ఏదీ వద్దు" అనడం వాదన కాదు.

#4 · నల్లకోటు

న్యాయమైన ప్రశ్నే, దానికి వస్తాను. ముందు పౌరుడితో పోలిక ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

టెక్సాస్ సరిహద్దులోని మకాలెన్ లాంటి చోట్ల 1325 కేసులు ఎలా నడిచేవి? డజన్ల మందిని ఒకేసారి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టేవారు. ఎక్కువమంది నేరం ఒప్పుకునేవారు. శిక్ష "ఇప్పటిదాకా లోపల ఉన్న కాలం చాలు." చాలా కేసుల్లో మొత్తం వ్యవహారం ఒకటి రెండు రోజుల్లో ముగిసి, తల్లి మళ్లీ ఇమిగ్రేషన్ అధికారుల చేతికే వచ్చేది. ఈలోగా బిడ్డ వేరే రాష్ట్రంలోని షెల్టర్‌కి వెళ్లిపోయి ఉండేది. జైలు నుంచి మర్నాడు బయటికొచ్చిన పౌరుడికి బిడ్డను తిరిగి ఇస్తారు. ఇక్కడ తిరిగి ఇచ్చే మెట్టే లేదు. ఒక రోజు శిక్షకు కొన్ని నెలల విడదీత పడింది. పిల్లల్ని తిరిగి కలపమంటూ జడ్జి డానా సబ్రా 2018 జూన్ 26న ఇచ్చిన ఉత్తర్వులో పట్టుకున్న అసలు ముడి ఇదే.

పైగా ఆ కేసుకు పేరు తెచ్చిన మహిళ, కోర్టు కాగితాల్లో "మిస్ ఎల్", అసలు 1325 నేరమే చేయలేదు. కాంగో నుంచి వచ్చి 2017 నవంబరులో శాన్ డియేగో దగ్గరి అధికారిక ప్రవేశద్వారంలో నిలబడి శరణు అడిగింది. ఆమెను శాన్ డియేగోలో ఉంచి ఏడేళ్ల కూతుర్ని షికాగో పంపారు. దాదాపు రెండు వేల మైళ్లు. తల్లి అవునో కాదో అనుమానం అన్నారు. ఆ అనుమానం తీర్చే డీఎన్‌ఏ పరీక్ష నాలుగు నెలలు ఎవరికీ గుర్తుకు రాలేదు, దావా పడ్డాకే చేశారు. తల్లే అని తేలింది. "కేసు పెట్టడం వల్ల వచ్చిన పర్యవసానం" అన్న సమర్థన ఈ ఒక్క ఉదాహరణ దగ్గరే కూలిపోతుంది.

#5 · ఫైలుదుమ్ము

రికార్డుల వైపు నుంచి చెబుతాను. నా దృష్టిలో అసలు విధ్వంసం అక్కడే జరిగింది.

మూడు సంస్థలు, మూడు కంప్యూటర్ వ్యవస్థలు. పట్టుకునే బోర్డర్ పెట్రోల్‌ది ఒకటి. పెద్దవాళ్లను నిర్బంధించి డిపోర్ట్ చేసే ఐస్‌ది ఇంకొకటి. పిల్లల్ని ఉంచే ఓఆర్ఆర్ పోర్టల్ మూడోది. ప్రతి మనిషికీ ఒక ఏ-నంబరు ఉంటుంది. తల్లికొకటి, బిడ్డకొకటి. ఈ రెండు నంబర్లనూ కట్టిపడేసేది బోర్డర్ పెట్రోల్ వ్యవస్థలో ఉండే కుటుంబ నంబరు మాత్రమే. బిడ్డను "ఒంటరి" అని మార్చగానే ఆ కుటుంబం నుంచి తీసేసినట్టు నమోదయ్యేది. ఆ ముడి ఊడిపోయేది. ఓఆర్ఆర్‌కి వెళ్లే సమాచారంలో తల్లి ఏ-నంబరుకు ప్రత్యేకమైన గడి లేదు. ఏజెంటుకు ఓపికుంటే వ్యాఖ్యల పెట్టెలో ఒక వాక్యం టైప్ చేసేవాడు. లేదంటే అదీ లేదు. "తల్లిదండ్రుల నుంచి విడదీసిన బిడ్డ" అని టిక్ పెట్టే చిన్న పెట్టె రెండు వ్యవస్థల్లోకీ వచ్చింది 2018 ఏప్రిల్–జులై మధ్య. అప్పటికే పని సగం అయిపోయింది.

తెలియక జరిగిందా అంటే, కాదు. 2017 జులై నుంచి నవంబరు దాకా ఎల్ పాసో ప్రాంతంలో ఇదే పద్ధతిని ముందుగా నడిపి చూశారు. అక్కడే ఈ లోపం బయటపడింది. స్ప్రెడ్‌షీట్లలో చేత్తో రాసుకుంటూ నెట్టుకొచ్చారు. దాన్ని బాగుచేయకుండానే సరిహద్దు మొత్తానికి విస్తరించారు. 2018 మే నుంచి సెప్టెంబరు దాకా 26,000 మందికి పైగా పిల్లల్ని విడదీయాల్సి వస్తుందని బోర్డర్ పెట్రోల్ పై సంస్థ అయిన కస్టమ్స్ విభాగం ముందే అంచనా కట్టుకున్నట్టు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తనిఖీ అధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్) తర్వాత రాశారు. అన్ని వేల మందికి అంచనా వేసుకున్నవాళ్లు ఒక గడి అదనంగా పెట్టుకోలేదు.

జూన్ 26 ఉత్తర్వు ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్ని 14 రోజుల్లో, మిగతావాళ్లను 30 రోజుల్లో కలపాలి. అప్పుడు ఆరోగ్య శాఖ దాదాపు 12,000 మంది పిల్లల ఫైళ్లు ఒక్కొక్కటీ తిరగేయాల్సి వచ్చింది. ఎవరు నిజంగా ఒంటరిగా వచ్చారో, ఎవర్ని ఒంటరి చేశారో తెలుసుకోవడానికి.

#6 · మూడోవాడు

సబ్రా ఉత్తర్వులోనే ఉంది కదా ఈ మాట. నిర్బంధంలోకి తీసుకున్న మనిషి డబ్బు, పత్రాలు, చివరికి కారు కూడా జాబితా రాసి, దాచి, విడుదల రోజు తిరిగి ఇచ్చే పద్ధతి ప్రభుత్వానికి ఉంది. బిడ్డకు మాత్రం అలాంటి పద్ధతి లేదని.

#7 · పాలపిట్ట

ఫైలుదుమ్ము గారూ, అంకెల గురించి ఒక సందేహం. ఒకచోట 2,737 అంటారు, ఇంకోచోట అయిదు వేలకు పైన అంటారు. ఏది పట్టుకోవాలి?

#8 · ఫైలుదుమ్ము

రెండూ సరైనవే, కొలిచిన కాలం వేరు. 2,737 అంటే 2018 జూన్ 26న ఓఆర్ఆర్ చేతిలో ఉన్న, విడదీసిన పిల్లలు. అంతకుముందే ఏ మేనమామకో పిన్నికో అప్పగించేసిన పిల్లలు అందులో లేరు. 2019 జనవరిలో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఈ సంగతి బయటపెట్టి, అంతకుముందు విడదీసినవాళ్లు వేలల్లో ఉండొచ్చన్నారు. మార్చిలో సబ్రా కేసు పరిధిని 2017 జులై 1 దాకా వెనక్కి జరిపారు. ఈసారి సుమారు 47,000 ఫైళ్లు. అక్టోబరులో ఇంకో 1,556 మంది తేలారు. వీటి పైన, ఉత్తర్వు తర్వాత "తల్లిదండ్రుల నేరచరిత్ర" పేరుతో విడదీసినవాళ్లు మరో వెయ్యికి పైగా. మూడూ కలిపితే అయిదు వేలు దాటుతుంది. ఎవరైనా అంకె చెబితే ముందు "ఏ తేదీ నుంచి ఏ తేదీకి?" అని అడగండి.

#9 · పసిమనసు

మీరంతా ఫైళ్ల గురించి మాట్లాడుతున్నారు. ఆ రోజుల్లో బిడ్డ వైపు ఏం జరుగుతుందో కూడా కొంచెం.

చిన్నపిల్లలకు భయం తగ్గించే పరికరం తెలిసిన పెద్దమనిషి శరీరమే. ఎత్తుకోవడం, గొంతు, వాసన. భయపెట్టే చోట ఆ ఒక్కటీ తీసేస్తే ఒత్తిడి హార్మోన్లు పెరిగి, దిగాల్సిన సమయంలో దిగవు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం "టాక్సిక్ స్ట్రెస్" అనేది దీన్నే. పైకి కనిపించేవి నిద్ర చెడటం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, వచ్చిన మాటలు పోవడం, తిండి మానేయడం. పెద్దపిల్లల్లో కోపం, లేదంటే పూర్తి మౌనం. ప్రశాంతంగా కూర్చున్న బిడ్డను చూసి "సర్దుకుంది" అనుకోవడం షెల్టర్లలో జరిగే పెద్ద పొరపాటు.

2019 సెప్టెంబరులో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలో సిబ్బంది చెప్పినది ఇదే. విడదీసిన పిల్లల్లో మిగతా పిల్లలకన్నా భయం, వదిలేశారన్న భావం ఎక్కువ కనిపించాయి. కొందరు తల్లిదండ్రులే తమను వదిలేశారని నమ్మారు. పన్నెండు మంది పిల్లలకు ఒక మానసిక వైద్య నిపుణుడు ఉండాలన్నది నిబంధన. కొన్నిచోట్ల ఒక్కొక్కరి మీద పాతిక మందికి పైగా పడ్డారు.

ఫోన్ సంగతి చూడండి. షెల్టర్‌లోని బిడ్డకు వారానికి కనీసం రెండు కాల్స్ అన్నది అప్పటి ఓఆర్ఆర్ నియమం. వినడానికి బాగుంది. అవతలి మనిషి ఐస్ డిటెన్షన్‌లో ఉంటే బయటి నుంచి ఆమెకు నేరుగా ఫోన్ కలవదు. షెల్టర్ కేస్ మేనేజర్ ఆమె ఏ సెంటర్లో ఉందో కనుక్కోవాలి, అక్కడి డిపోర్టేషన్ అధికారితో సమయం కుదుర్చుకోవాలి, ఆ సమయానికి ఆమెను ఫోన్ దగ్గరికి తీసుకురావాలి. ఆమెను ఇంకో సెంటర్‌కి మార్చారంటే అంతా మొదటికొస్తుంది. నాలుగేళ్ల బిడ్డకు ఇవన్నీ ఎవరు చెప్పగలరు? వాడికి తెలిసేది ఒక్కటే: అమ్మ ఫోన్ చెయ్యలేదు.

#10 · గోడమీదపిల్లి

రికార్డుల విషయంలో ఒప్పుకుంటాను, దాన్ని సమర్థించేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. పైగా దొంగ కుటుంబాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2019 మేలో ఎల్ పాసో, మకాలెన్‌లలో రాపిడ్ డీఎన్‌ఏ పరీక్ష పెట్టారు. దాదాపు గంటన్నరలో ఫలితం. 84 కుటుంబాలను పరీక్షిస్తే 16 దొంగవని తేలింది. పిల్లల్ని అద్దెకు తెచ్చుకునే చోట విడదీయడమే ఆ బిడ్డకు రక్ష.

#11 · నల్లకోటు

ఆ 84 ముందే అనుమానం వచ్చి ఏరిన కుటుంబాలు. అందులో 16 అంటే ఏజెంట్ల అనుమానం అయిదింట నాలుగు సార్లు తప్పిందని కూడా అర్థం. మొత్తం వచ్చేవాళ్లలో అదే నిష్పత్తి ఉందని లెక్కకట్టడం కుదరదు. పరీక్ష పనికొస్తుందని మాత్రం ఒప్పుకుంటాను. 2020 జనవరిలో సబ్రా చెప్పిందీ అదే: బంధుత్వం మీద అనుమానంతో విడదీసేముందు డీఎన్‌ఏ పరీక్ష చేయండి.

అదే తీర్పులో మీకు అనుకూలమైన భాగమూ ఉంది. 2018 జూన్ తర్వాత ఏడాదిలో నేరచరిత్ర, అనర్హత లాంటి కారణాలతో 911 మంది పిల్లల్ని విడదీశారని, ఈ కేసు నడిపిన పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ కోర్టు ముందు పెట్టింది. అందులో ట్రాఫిక్ ఉల్లంఘనల వంటివీ ఉన్నాయి. జడ్జి చాలావరకు అధికారుల విచక్షణలో జోక్యం చేసుకోలేదు. నాకు ఇక్కడే మింగుడుపడదు. అమెరికాలోనే ఏ కుటుంబం నుంచైనా బిడ్డను తీసుకోవాలంటే పిల్లల సంక్షేమ శాఖ ఉద్యోగి విచారిస్తాడు, కుటుంబ న్యాయస్థానం జడ్జి వింటాడు. తల్లిదండ్రులు అనర్హులని విచారణలో తేలకుండా పిల్లల్ని తీసుకోకూడదని 1972లోనే స్టాన్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరిహద్దులో ఆ పని చేసేది పిల్లల సంక్షేమంలో శిక్షణ లేని యూనిఫాం మనిషి. అప్పట్లో అప్పీలు లేదు, చాలాసార్లు కారణం రాసిన కాగితం కూడా తల్లి చేతికిచ్చేవారు కాదు.

#12 · మూడోవాడు

అమ్మమ్మల సంగతి మర్చిపోయారు.

#13 · ఫైలుదుమ్ము

మర్చిపోలేదు, అది వేరే రకం. 2002 నిర్వచనంలో తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకుడు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. పుట్టినప్పటినుంచి పెంచిన అమ్మమ్మైనా, ఇరవై ఏళ్ల అన్నైనా, వాళ్లతో వచ్చిన బిడ్డ ఒంటరే. ఇక్కడ మాత్రం గోడమీదపిల్లి గారి మాట నిజం, విడదీసేది చట్టమే, జీరో టాలరెన్స్ ఉన్నా లేకపోయినా. తల్లి రాసిచ్చిన నోటరీ కాగితం సరిపోదు, సంరక్షకత్వానికి కోర్టు ఉత్తర్వు ఉండాలి. బిడ్డ ఓఆర్ఆర్‌కి వెళ్లాక అమ్మమ్మ స్పాన్సర్‌గా, అంటే బిడ్డను తన దగ్గరికి తీసుకునే పెద్దగా, దరఖాస్తు పెట్టుకోవచ్చు. తల్లిదండ్రులు మొదటి వరుస, అన్నదమ్ములు, అమ్మమ్మ తాతయ్యల వంటి దగ్గరివాళ్లు రెండో వరుస. కానీ ఆ దరఖాస్తు పెట్టాల్సిన మనిషే డిటెన్షన్‌లో ఉంటుంది.

స్పాన్సర్ ప్రక్రియ ఎక్కడ ఇరుక్కుంటుందో కూడా చెప్పాలి. గుర్తింపు కార్డు, బంధుత్వానికి జనన ధ్రువపత్రం, చిరునామా రుజువు, నేపథ్య తనిఖీ. 2018 ఏప్రిల్‌లో ఓఆర్ఆర్, ఐస్, కస్టమ్స్ ఒక ఒప్పందం చేసుకుని, స్పాన్సర్ వేలిముద్రలతో పాటు ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి వేలిముద్రలూ తీసుకుని ఐస్‌తో పంచుకోవడం మొదలుపెట్టాయి. కాగితాలు లేని బాబాయి వేలిముద్ర ఇవ్వడానికి వస్తాడా? 2018 జులై నుంచి నవంబరు దాకా 170 మంది కాబోయే స్పాన్సర్లను ఐస్ అరెస్టు చేసింది. అందులో 109 మందికి నేరచరిత్ర లేదు. భయంతో జనం రావడం మానేశారు. పిల్లలు షెల్టర్లలో సగటున ఉండే కాలం 2018 నవంబరుకి 93 రోజులకు పోయింది. టెక్సాస్‌లో టోర్నియో డేరాల శిబిరం అంత ఉబ్బడానికి కారణం కొత్తగా వచ్చిన పిల్లలు కాదు, బయటికి పోలేని పిల్లలు. డిసెంబరులో ఇంట్లోవాళ్లందరి వేలిముద్రల నిబంధన సడలించారు. 2019 జనవరికి శిబిరం ఖాళీ అయింది. ఏప్రిల్‌కి సగటు 58 రోజులకు దిగింది.

#14 · మోడరేటర్

ఒబామా ప్రస్తావనతో వచ్చిన రెండు పోస్టులు తొలగించాను. మకాలెన్‌లోని గొలుసు కంచెల కేంద్రం 2014లో తెరిచిందే, ఆ ప్రభుత్వం కుటుంబాలను కలిపి నిర్బంధించిందీ నిజమే. దాని మీద విమర్శ ఉంటే వేరే థ్రెడ్ పెట్టండి. ఇది విడదీత గురించి.

#15 · పాలపిట్ట

డిపోర్ట్ అయిపోయిన తల్లిదండ్రుల సంగతి ఎవరైనా రాస్తారా? పిల్లలు ఇక్కడ, వాళ్లు అక్కడ. అది ఎలా జరిగింది?

#16 · నల్లకోటు

నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రుల్ని పిల్లలు లేకుండా పంపేశారు. ఒక భాగం ఫారం వల్ల. 2018 జులైలో తుది డిపోర్టేషన్ ఉత్తర్వు ఉన్నవాళ్ల ముందు ఒక కాగితం పెట్టారు. అందులో ఎంచుకోవడానికి ఉన్నవి ప్రధానంగా రెండే: బిడ్డతో కలిసి వెళ్లిపోతాను, లేదా బిడ్డ లేకుండా వెళ్లిపోతాను. "బిడ్డతో కలిసి ఇక్కడ ఉండి కేసు నడుపుకుంటాను" అన్న వరుస లేదు. ఇంగ్లిష్, స్పానిష్ రెండూ రాని మనిషికి అది చదివి చెప్పిందెవరు? గ్వాటెమాలా కొండప్రాంతాల నుంచి వచ్చేవాళ్లలో మామ్, కిచే, కెక్చి భాషలు మాట్లాడేవాళ్లు ఎంతోమంది. కొందరు సంతకం పెడితే బిడ్డను ఇస్తారనుకుని పెట్టారు. సబ్రా జులై 16న డిపోర్టేషన్లు తాత్కాలికంగా ఆపారు.

క్రెడిబుల్ ఫియర్ ఇంటర్వ్యూ కూడా ఇక్కడే దెబ్బతింది. శరణు కేసుకి అది మొదటి గడప. తన దేశంలో ఎందుకు ప్రాణభయమో తేదీలతో, వరుసగా చెప్పాలి. బిడ్డ ఎక్కడుందో తెలియని మనిషి ఏం చెబుతుంది? చాలామంది అక్కడే పోగొట్టుకున్నారు. తర్వాత కోర్టు రాజీలో మళ్లీ అవకాశం వచ్చింది. డిపోర్ట్ అయినవాళ్లకి మాత్రం అది అంత తేలిగ్గా అందలేదు.

#17 · ఫైలుదుమ్ము

వెతుకులాట సంగతి నేను పూర్తిచేస్తాను. ప్రభుత్వం ఇచ్చిన ఫోన్ నంబర్లు చాలావరకు పనిచేయలేదు. ఆ నంబర్లు పట్టుబడ్డ రోజు జేబులో దొరికినవి, దారిలో వాడి పారేసే సిమ్ములు కూడా అందులో ఉంటాయి. తల్లిదండ్రుల్ని వెతకడానికి కోర్టు ఏర్పాటు చేయించిన స్టీరింగ్ కమిటీ తరఫున జస్టిస్ ఇన్ మోషన్ అనే సంస్థ స్థానిక హక్కుల న్యాయవాదుల్ని గ్వాటెమాలా, హోండురాస్ ఊళ్లకు పంపింది. పేరు, ఊరు పట్టుకుని ఇల్లిల్లూ అడగడమే. ఇక్కడ చిన్న తప్పు ఎంత పని చేస్తుందో చూడండి. అక్కడివాళ్లకి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, తండ్రి వైపుది, తల్లి వైపుది. ఫారంలో రెండోదాన్ని మాత్రమే ఎక్కిస్తే ఊళ్లో ఆ పేరుతో ఎవరూ గుర్తుపట్టరు. ఊరి పేరు బదులు జిల్లా పేరు రాస్తే వెతకాల్సిన చోటు యాభై ఊళ్లవుతుంది. దానికి తోడు 2020లో కోవిడ్ వచ్చి తిరగడం ఆగింది. ఆ అక్టోబరుకి కూడా 545 మంది పిల్లల తల్లిదండ్రుల ఆచూకీ దొరకలేదు. 2021 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం కుటుంబాలను కలపడానికి టాస్క్‌ఫోర్స్ పెట్టింది.

#18 · గోడమీదపిల్లి

మెత్తటి విధానాలూ విడదీస్తాయని ఒక ఉదాహరణ. 2020 మార్చిలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి పేరుతో టైటిల్ 42 వచ్చింది. వచ్చినవాళ్లను విచారణ లేకుండా వెనక్కి తోసేయడం. ఒంటరి పిల్లల్ని ఇలా తోసేయడాన్ని 2020 నవంబరులో కోర్టు ఆపింది, బైడెన్ ప్రభుత్వం ఆ మినహాయింపును కొనసాగించింది. మంచి ఉద్దేశమే. ఫలితం? కుటుంబంగా వెళ్తే వెనక్కి పంపుతారు, బిడ్డ ఒక్కతే వెళ్తే లోపలికి తీసుకుంటారు. మెక్సికో వైపు ప్రమాదకరమైన ఊళ్లలో ఇరుక్కున్న తల్లిదండ్రులు కొందరు తామే పిల్లల్ని వంతెన మీదికి ఒంటరిగా పంపారు. ఏజెంటు ఎవరూ లాక్కోలేదు, అయినా విడిపోయారు. నియమంలో ఎక్కడ మినహాయింపు పెడితే జనం అటే ఒరుగుతారు. నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే.

#19 · నల్లకోటు

ఆ ఉదాహరణ సరైనదే. నేను దాని నుంచి తీసుకునేది మాత్రం వేరు. కుటుంబాన్ని ఒక యూనిట్‌గా చూసే దారి మూసేసి బిడ్డకు మాత్రం తలుపు తెరిస్తే విడదీతే వస్తుంది.

ఇక మీ మూడు దారుల ప్రశ్న. నాలుగోది ఉండేది. 2016 జనవరి నుంచి 2017 జూన్ దాకా ఐస్ ఒక కుటుంబ కేస్ మేనేజ్‌మెంట్ కార్యక్రమం నడిపింది. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, షికాగో, మయామీ, వాషింగ్టన్ ప్రాంతాల్లో. కుటుంబాన్ని వదిలేసి, దానికి ఒక కేస్ మేనేజర్‌ని ఇస్తారు. కోర్టు తేదీ గుర్తుచేయడం, లాయర్ల జాబితా, బడిలో చేర్పించడం, చిరునామా మారితే ఫారం నింపించడం. కుటుంబానికి రోజుకు సుమారు 36 డాలర్లు. కుటుంబ నిర్బంధ కేంద్రంలో ఒక్క మనిషికే రోజుకు మూడు వందల డాలర్లకు పైన. హాజరు 99 శాతం. చాలామంది కోర్టుకు రాకపోవడానికి కారణం పారిపోవడం కాదు, నోటీసు పాత చిరునామాకు వెళ్లడం. ఆ ఒక్క లోపాన్నే ఇది సరిచేసింది.

#20 · గోడమీదపిల్లి

952 కుటుంబాలు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను, అలాంటివాళ్లను ఎంపికచేసి పెట్టుకున్నారు. కార్యక్రమం ఆగేనాటికి కేసు చివరిదాకా వెళ్లినవాళ్లు అతి కొద్దిమంది. కేసు నడుస్తుండగా హాజరవడం ఒకటి, ఓడిపోయాక విమానం ఎక్కడం ఇంకొకటి. రెండోది ఎవరూ కొలవలేదు. ఆశ కలిగించే ప్రయోగం అనండి, ఒప్పుకుంటాను. రుజువైందంటే ఒప్పుకోను.

#21 · నల్లకోటు

ఆ తేడా ఒప్పుకుంటున్నాను. కొలవకముందే ఆపేశారన్నదే నా ఫిర్యాదు.

#22 · పాలపిట్ట

ఇప్పుడు ఈ కుటుంబాలకు చట్టపరంగా ఏముంది? నష్టపరిహారం ఇచ్చారా?

#23 · నల్లకోటు

మిస్ ఎల్ కేసు రాజీని 2023 డిసెంబరులో సబ్రా ఆమోదించారు. ఆ తరహా విడదీతను ఎనిమిదేళ్లు నిషేధించారు. విడదీసిన కుటుంబాలకు తాత్కాలిక పెరోల్ (దేశంలో ఉండే అనుమతి), పని అనుమతి, కౌన్సెలింగ్, కొంతకాలం ఇంటి అద్దె సాయం లాంటివి ఉన్నాయి. నగదు పరిహారం అందులో లేదు. దానికోసం జరిగిన ఉమ్మడి చర్చలు 2021 చివర్లో తెగిపోయాయి. కాబట్టి ఎవరి దావా వాళ్లది, ప్రభుత్వ ఉద్యోగుల తప్పుకు పరిహారం అడిగే ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం కింద. ముందు స్టాండర్డ్ ఫారం 95 నింపి ఆ సంస్థకే ఇవ్వాలి, ఘటన జరిగిన రెండేళ్ల లోపు, అడిగే మొత్తం అంకెల్లో రాసి. ఆరు నెలల్లో తిరస్కరించినా, జవాబు ఇవ్వకపోయినా కోర్టుకు వెళ్లొచ్చు. ఇక్కడ పిల్లలని గడువు ఆగదు. చిన్నపిల్లలు పెద్దయ్యాక వేసుకోవచ్చులే అనుకుంటే కుదరదు.

#24 · మూడోవాడు

గోడమీదపిల్లి గారికి ఒక ప్రశ్న. విడదీయక తప్పని సందర్భాలు ఉంటాయంటున్నారు కదా. సరే, తండ్రి మీద హత్య వారెంట్ ఉంది అనుకుందాం. ఆ రోజు ఏం చేయాలి?

#25 · గోడమీదపిల్లి

విడదీయాలి. కారణం రాతలో ఉండాలి, పై అధికారి సంతకం ఉండాలి, ఒక కాపీ తండ్రికి. అంతవరకు నేను నల్లకోటు గారి వైపే. మిగతాది ఫైలుదుమ్ము గారే చెప్పాలి.

#26 · ఫైలుదుమ్ము

బిడ్డ రికార్డులో తల్లి ఏ-నంబరు, తల్లి రికార్డులో బిడ్డ ఏ-నంబరు. వ్యాఖ్యల పెట్టెలో కాదు, ఖాళీగా వదిలితే ముందుకు కదలని గడిలో. స్టేటస్ మారినా కుటుంబ నంబరు చెరగకూడదు, పాత విలువ కింద మిగలాలి. విడదీసేముందు ఇద్దర్నీ కలిపి ఒక ఫోటో. రెండు ఇంటిపేర్లూ, ఊరు, దగ్గర్లోని పట్టణం, స్వదేశంలో కనీసం ఇద్దరు బంధువుల నంబర్లు, వీలైతే అక్కడికక్కడే డయల్ చేసి చూసినవి. తల్లిని ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మారిస్తే షెల్టర్‌కి దానంతట అదే కబురు వెళ్లాలి. డిపోర్టేషన్ విమానం జాబితా ఖరారయ్యేముందు "ఈ మనిషి బిడ్డ ఓఆర్ఆర్‌లో ఉందా?" అన్న తనిఖీ తప్పనిసరి, అవునంటే సీటు ఆగిపోవాలి. ఇందులో కొత్త సాంకేతికత ఏమీ లేదు.

#27 · పసిమనసు

రెండు గడులు కలపండి. ఒకటి ఇంట్లో పిలిచే పేరు, బిడ్డను ఏమని పిలుస్తారో, బిడ్డ తల్లిని ఏమని పిలుస్తుందో. నాలుగేళ్ల పిల్లకు తన అసలు పేరు తెలియకపోవచ్చు. రెండోది ఇంట్లో మాట్లాడే భాష. ఆ గడిలో స్పానిష్ అని ముందే టిక్ పడి ఉండకూడదు.